కడుపు చూసి కుర్చీ వేశాం

కోల్‌కతా విమానాశ్రయంలో ఒక నిండు గర్భిణి దిగుతుంది. లండన్ నుంచి ఒంటరిగా వచ్చింది. భర్త ఆచూకీ లేదంటుంది. టాక్సీ ఎక్కి హోటల్‌కు కాకుండా నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్తుంది. అక్కడ ఆమెను చూడగానే మనుషుల తీరే మారిపోతుంది. ఒకరు కూర్చోమంటారు, ఇంకొకరు మంచినీళ్లిస్తారు, ఒక కుర్ర పోలీసు కేసు పక్కనపెట్టి ఆమె బాగోగులే చూసుకుంటూ వెంట తిరుగుతాడు. 2012లో సుజయ్ ఘోష్ తీసిన హిందీ సినిమా 'కహానీ' ఇది. విద్యా బాలన్ చేసిన ఆ పాత్రకు చివరికి కడుపే లేదని తేలుతుంది. పొట్టకు కట్టుకున్నది తొడుగు. ఆమె వెతుకుతున్నది భర్తను కాదు, భర్త చావుకు కారణమైనవాణ్ణి. (చూడనివాళ్లు క్షమించాలి. ముగింపులు చెప్పకుండా ఈ వ్యాసం నడవదు.)

ఆ సినిమా మొదట్లోనే మెట్రో రైల్లో విషవాయువుకు జనం చనిపోవడం చూపిస్తారు. కానీ గర్భిణి తెరమీదికి రాగానే ప్రేక్షకుడు ఆ సంగతి పక్కన పెట్టేస్తాడు. రెండు విషయాలను కలిపి చూడడు. జ్ఞాపకాల్లో చూపించిన భర్త ముఖం విషయంలో సినిమా ఆడింది దొంగాటే, అది ఒప్పుకోవాలి. కడుపు విషయంలో మాత్రం అంత దొంగాట అవసరం రాలేదు. ఎత్తుగా ఉన్న పొట్ట, నడుముమీద చెయ్యి, ఆయాసంతో మెట్లెక్కడం, ఇవి చాలు. మిగతాదంతా మనమే పూరించుకున్నాం. గర్భిణి అంటే నిస్సహాయురాలు. ఆమెకు సాయం కావాలి, ఆమె అబద్ధం చెప్పదు, ఎవర్నీ చంపదు. పోలీసులు కుర్చీ వేశారు, థియేటర్లో మనమూ మనసులో కుర్చీ వేశాం.

ముందస్తు అభిప్రాయం అనగానే ద్వేషమే గుర్తొస్తుంది. కులం చూసి, రంగు చూసి, మతం చూసి ఈసడించుకోవడం. 'కహానీ' పట్టుకున్నది దానికి పూర్తిగా అవతలి పక్కనున్న దాన్ని. జాలి కూడా ఒక మూసే. జాలిపడేటప్పుడు తాను ఒక మనిషిని తక్కువ అంచనా వేస్తున్నానని ఎవరికీ అనిపించదు. పైగా మంచి పనే చేస్తున్నామన్న తృప్తి ఉంటుంది. అందుకే ఆ మూస అంత గట్టిగా పనిచేసింది. ఇదే సినిమాలో బాబ్ బిశ్వాస్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటున్నాడు. బొజ్జ, కళ్లద్దాలు, ఆఫీసులో తిట్లు తినే మొహం. నమస్కారం పెట్టి 'ఒక్క నిమిషం' అని మర్యాదగా అడిగి మనుషుల్ని కాల్చేస్తుంటాడు. ఇన్సూరెన్స్ ఏజెంటును చూస్తే తప్పించుకు తిరగడం మనకు అలవాటే కానీ, ప్రాణభయంతో కాదు.

ఈ సినిమాను తెలుగులో శేఖర్ కమ్ముల 'అనామిక'గా 2014లో తీశారు. కథ హైదరాబాద్‌కు మారింది, నయనతార నటించింది. ఒక్క మార్పు మాత్రం చాలా పెద్దది. ఇందులో ఆమె గర్భిణి కాదు. కారణం ఏదైనా, దాని ఫలితాన్ని విడిగా చూడొచ్చు. భర్తను వెతుక్కుంటూ వచ్చిన ఆడమనిషి పట్ల సానుభూతి ఉంటుంది, కథలో ఉత్కంఠ ఉంటుంది, చివర్లో ఆమె అసలు రూపం బయటపడినప్పుడు ఆశ్చర్యమూ ఉంటుంది. కానీ ప్రేక్షకుడు సొంతంగా చేసిన పొరపాటు అంటూ ఉండదు. కళ్లతో చూసి ఖాయం చేసుకున్నది ఏదీ తలకిందులు కాదు. ఒక సినిమాలో మనం మోసపోయాం, ఇంకోదాంట్లో మనకు ఒక విషయం ఆలస్యంగా తెలిసింది. ఈ రెంటికీ తేడా ఉంది.

మూస అన్న మాట తెలుగులో మంచిగా కుదిరింది. లోహాన్ని కరిగించి పోసేది మూస. పోసింది ఏదైనా అదే ఆకారంలో బయటికొస్తుంది. ఇంగ్లిషులో దీనికి వాడే స్టీరియోటైప్ కూడా అచ్చు పనిలోంచి వచ్చిందే. ఒకసారి పోతపోసిన పలకతో ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు. అమెరికన్ పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ 1922లో ఆ మాటను మనుషుల తలల్లోని బొమ్మలకు వాడాడు. మనం ముందు చూసి తర్వాత నిర్వచించం, ముందే నిర్వచించుకుని తర్వాత చూస్తాం అన్నది ఆయన వాదన సారం.

సినిమాకు ఈ బొమ్మలతో అవసరం ఎక్కువ. నవలలో ఒక మనిషి స్వభావం చెప్పడానికి పది పేజీలు తీసుకోవచ్చు. సినిమాలో పది సెకన్లు. అందుకని లుంగీ పైకి కట్టి, మెడలో లావుపాటి గొలుసు వేస్తే రౌడీ అయిపోయాడు. వెనక షహనాయి లాంటిదేదో వినిపిస్తే ముసల్మాను వచ్చాడన్నమాట. తెలుగు సినిమాకైతే ఇంకో దగ్గరి దారి కూడా దొరికింది, యాస. దశాబ్దాల పాటు హీరో హీరోయిన్లు, వాళ్ల అమ్మానాన్నలు కోస్తా జిల్లాల మాటకు దగ్గరగా ఉండే 'మామూలు' తెలుగు మాట్లాడేవారు. ఉత్తరాంధ్ర యాస పనిమనిషికో అమాయకుడికో వెళ్లింది. రాయలసీమ యాస బాంబులతో, సుమోలతో కలిసి వచ్చింది. తెలంగాణ యాస విలన్‌కు, విలన్ పక్కనుండేవాళ్లకు, లేదంటే కామెడీకి. 1985 నాటి 'ప్రతిఘటన'లో కాశయ్య పాత్రతో తెలంగాణ యాస విలన్‌గా పేరు తెచ్చుకున్న కోట శ్రీనివాసరావు సొంతూరు కృష్ణా జిల్లా కంకిపాడు. నటుడిగా అది ఆయన గొప్పతనమే. కానీ ఒక ప్రాంతం వాళ్లు తమ ఇంట్లో మాట్లాడుకునే మాటను తెరమీద విన్నప్పుడల్లా అది దుర్మార్గుడి నోట్లోంచో బఫూన్ నోట్లోంచో రావడం ఎలా ఉంటుందో, ఆ మాట తనది కానివాడికి ఒక పట్టాన తెలియదు.

తర్వాత అది మారింది. 2017లో 'ఫిదా'లో బాన్సువాడ భానుమతి హీరోయిన్‌గా అదే యాసలో గలగలా మాట్లాడింది. 2023లో 'బలగం' వచ్చేసరికి ఒక కుటుంబం కథ మొత్తం ఆ మాటలోనే నడిచింది. ఇది పెద్ద మార్పే. అయితే ఈ సినిమాలు ప్రేక్షకుడి ముందస్తు అభిప్రాయాన్ని నిలదీశాయని అనలేం. అవి పాత మూసను పక్కకు తోసి తమ దారిన తాము నడిచాయి, అంతే. 'బలగం'లో ఎవరూ తమ యాసకు సంజాయిషీ ఇచ్చుకోరు. బహుశా అదే ఇంకా ఆరోగ్యకరమైన పద్ధతి కూడా. మూసను ముందు తెరమీద నిలబెట్టి, మనచేత నమ్మించి, తర్వాత కాళ్లకింద చాప లాగే పద్ధతి వేరు. ఈ వ్యాసం దాని గురించే.

ఆ పద్ధతిలో సినిమాలు తరచూ ఒకచోట తప్పుతాయి. మూసను పగలగొట్టామనుకుంటూ తిరగేసి ఊరుకుంటాయి. దొంగ అనుకున్నవాడు దేవుడని తేలుతుంది, వేశ్య మనసు బంగారమని తేలుతుంది. 2010లో క్రిష్ తీసిన 'వేదం' తెలుగులో ఎంతో ధైర్యమైన ప్రయత్నం. కేబుల్ రాజు, సరోజ, సిరిసిల్ల నేతకార్మికుడు రాములు, వివేక్, వీళ్లతో పాటు మనోజ్ బాజ్‌పాయ్ చేసిన రహీముద్దీన్ ఖురేషీ. గణేశ్ నిమజ్జనం రోజు జరిగిన గొడవలో అతని భార్యకు గర్భస్రావం అవుతుంది. తర్వాత ఒక పోలీసు అధికారి అతన్ని ఉగ్రవాదిగా అనుమానించి చిత్రహింస పెడతాడు. చివర్లో హాస్పిటల్ మీద దాడి జరిగినప్పుడు తనను హింసించిన ఆ అధికారి ప్రాణాన్నే రహీముద్దీన్ కాపాడతాడు. అధికారికి కళ్లు తెరుచుకుంటాయి. థియేటర్లో కళ్లు చెమరుస్తాయి.

అయినా రెండు ప్రశ్నలు మిగులుతాయి. మొదటిది, ఇందులో ప్రేక్షకుడు ఎక్కడ తప్పు చేశాడు? రహీముద్దీన్ నిర్దోషి అని మనకు మొదట్నుంచీ తెలుసు. అతని ఇల్లు చూశాం, భార్యను చూశాం. అనుమానించింది పోలీసు. మనం బాధితుడి పక్కన భద్రంగా కూర్చుని పోలీసును తిట్టుకున్నాం. అదే మనిషిని బస్టాండులో బ్యాగుతో చూస్తే ఏమనుకునేవాళ్లమో సినిమా మనల్ని అడగలేదు. రెండోది ఇంకా ఇబ్బందైనది. అతను ఆ అధికారిని కాపాడకుండా, భయపడి ఒక మూల దాక్కుని ఉంటే? అప్పటికీ నిర్దోషే కదా. మామూలు మనిషిగా నిర్దోషి అయితే చాలదు, మహాత్ముడిగా నిర్దోషి కావాలి, అదీ ప్రాణాలకు తెగించి రుజువు చేసుకోవాలి అన్నట్టు తయారైంది లెక్క. మన తప్పుడు అభిప్రాయానికి మూల్యం అనుమానితుడే చెల్లించాడు.

హాలీవుడ్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. పాల్ హాగిస్ తీసిన 'క్రాష్' 2006లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకుంది. అందులో ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు ఒక రెస్టారెంట్ నుంచి బయటికొస్తారు. తమను చూసి ఒక తెల్లావిడ భయంతో భర్త చెయ్యి గట్టిగా పట్టుకుందని ఒకడు వాపోతుంటాడు. మాటల్లో న్యాయం ఉంది, మనకూ అయ్యో అనిపిస్తుంది. మరుక్షణం ఇద్దరూ తుపాకులు తీసి ఆ దంపతుల కారే లాక్కుపోతారు. గట్టి దెబ్బే. కానీ ఆ దెబ్బ తగిలింది ఎవరికి? ఆవిడ భయం నిజమేనని సినిమాయే సాక్ష్యం చెప్పింది. ఆ తర్వాత జాత్యహంకారి పోలీసు ప్రాణాలకు తెగించి ఒక నల్లజాతి స్త్రీని కాపాడతాడు, మంచివాడనుకున్న కుర్ర పోలీసు ఒక నల్లవాణ్ణి కాల్చేస్తాడు. ప్రతి పాత్రకూ ఒక తిరగబాటు, సమానంగా పంచినట్టు. అందరిలోనూ కాస్త చెడు, కాస్త మంచి ఉందని తేల్చాక ఇక ఎవరూ దేనికీ జవాబుదారీ కాకుండా పోయారు.

ఈ గుంటలో పడకుండా నడిచిన సినిమా ఆరు దశాబ్దాలకు ముందే వచ్చింది. సిడ్నీ లుమెట్ 1957లో తీసిన '12 యాంగ్రీ మెన్'. తండ్రిని కత్తితో పొడిచి చంపాడని మురికివాడ కుర్రాడిమీద కేసు. పన్నెండు మంది జ్యూరీ సభ్యులు ఒక ఉక్కపోత గదిలో కూర్చుని తేల్చాలి. సినిమా దాదాపు మొత్తం ఆ గదిలోనే. కుర్రాడి ముఖం మొదట్లో ఒక్కసారే కనిపిస్తుంది. వాడి జాతి ఏమిటో ఎవరూ పేరు పెట్టి చెప్పరు. 'వాళ్లు', 'ఆ రకం మనుషులు' అంటారంతే. ఆ ఖాళీలో ఎవరి 'వాళ్ల'ను వాళ్లు కూర్చోబెట్టుకోవచ్చు. బొంబాయిలో చూసినా బందరులో చూసినా ఎవరో ఒకరు సరిపోతారు. (1986లో బాసు ఛటర్జీ దీన్ని హిందీలో 'ఏక్ రుకా హువా ఫైస్లా'గా తీశారు. అప్పటికి మన క్రిమినల్ కోర్టుల్లో జ్యూరీ పద్ధతే లేదు. అయినా ఎవరికీ అడ్డు అనిపించలేదు.)

మొదటి ఓటింగ్‌లో పదకొండు మంది దోషి అంటారు, ఒక్కడు కాదంటాడు. ఇక్కడ ప్రేక్షకుడి స్థానం చూడాలి. మనం విచారణ చూడలేదు. కుర్రాడి ఇల్లు చూడలేదు, వాడివాళ్లు ఏడవడం చూడలేదు. సాక్ష్యాలు విన్నంతవరకు గట్టిగానే ఉన్నాయి. నిజాయితీగా చెప్పాలంటే మన ఓటూ ఆ పదకొండులోనే ఉంటుంది. సినిమా మనల్ని పోలీసును తిట్టుకునే చోట కాకుండా పోలీసు కుర్చీలోనే కూర్చోబెట్టింది.

ఆ తర్వాత జరిగేదాంట్లో ఐదో నంబరు సభ్యుడిది చిన్న పాత్ర. అతనూ మురికివాడలోనే పెరిగాడు. ఆ సంగతి పెద్దగా చెప్పుకోడు. మురికివాడల్లో పుట్టేవాళ్లంతా నేరగాళ్లేనన్న ధోరణిలో మాటలు సాగుతుంటే అతను లోపల్లోపల కుమిలిపోవడం కనిపిస్తుంది. తీరా శవం మీది గాయం పైనుంచి కిందికి దిగిందన్న చర్చ వచ్చినప్పుడు అతను కత్తి చేతిలోకి తీసుకుంటాడు. బటన్ నొక్కితే తెరుచుకునే ఈ రకం కత్తి వాడటం వచ్చినవాడెవడూ అలా పైనుంచి పొడవడు, కిందినుంచి పైకి పొడుస్తాడు అని చూపిస్తాడు. తనకెలా తెలుసు? చిన్నప్పుడు వాకిట్లో, వీధిలో కత్తిపోట్లు చూశాడు కాబట్టి.

ఇక్కడ జరిగింది మూసను తిరగేయడం కాదు. మురికివాడ పిల్లలకు కత్తుల సంగతి తెలుసు అన్న అభిప్రాయాన్ని సినిమా అబద్ధమని కొట్టిపారేయలేదు. అవును, తెలుసు, అంది. ఆ తెలిసినతనమే కుర్రాడి పక్షాన సాక్ష్యమైంది. కత్తి తిప్పడం అంత బాగా వచ్చినవాడు ఇంత చేతకానితనంగా పొడుస్తాడా? అదే మూస, అదే సమాచారం. చేతులు మారేసరికి అర్థం మారింది.

పదో నంబరువాడు 'ఆ రకం మనుషుల' మీద విరుచుకుపడినప్పుడు ఒక్కొక్కరే లేచి అటు తిరిగి నిలబడతారు. ఎవరూ వాదించరు. అంతకుముందు ఇదే మనిషి కుర్రాడికి ఇంగ్లిషు కూడా సరిగ్గా రాదని వెక్కిరిస్తూ తానే వ్యాకరణం తప్పితే, వేరే దేశం నుంచి వలస వచ్చిన పదకొండో నంబరు గడియారాల మెకానిక్ మెల్లగా సరిదిద్దుతాడు. నవ్వొస్తుంది. అయితే చివరిదాకా దిగిరానివాడు ఇతను కాదు, మూడో నంబరు. అతని పట్టుదలకు జాతి, వాడ కారణం కాదు. తండ్రికి ఎదురు తిరిగి ఇల్లు విడిచిపోయిన కొడుకు ఉన్నాడతనికి. బోనులో నిలబడ్డ ప్రతి కుర్రాడిలోనూ అతనికి వాడే కనిపిస్తున్నాడు. అభిప్రాయాలు సమాజం నుంచే కాదు, సొంత ఇంట్లోంచి కూడా పుడతాయి. వాటిని వదిలించుకోవడం వాదనతో అయ్యే పని కాదు. కొడుకుతో దిగిన ఫోటో చేతులారా చింపేశాక గానీ అతని నోట 'దోషి కాదు' అన్న మాట రాదు.

కుర్రాడు హత్య చేశాడా లేదా? సినిమా చెప్పదు. అనుమానానికి చోటుంది కాబట్టి దోషి కాదు, అంతవరకే. వాడు ఎవరి ప్రాణాలూ కాపాడలేదు, మంచివాడని రుజువు చేసుకోలేదు. నిజంగానే చంపి ఉండొచ్చు కూడా. బయటికి నడుస్తున్న ప్రేక్షకుడికి ఆ ఇబ్బంది వెంటే వస్తుంది. 'వేదం' చూసి వచ్చినవాడికి లేనిది ఇదే.

నటుణ్ణే మూసగా వాడుకోవడం ఇంకో దారి. 2020లో వచ్చిన 'కలర్ ఫోటో' మచిలీపట్నం నేపథ్యంలో రంగు గురించిన కథ. నల్లగా ఉండే జయకృష్ణ, తెల్లగా ఉండే దీప్తి. కథలో రంగు వివక్షను సూటిగానే చెప్పారు, అందులో గడుసుతనం ఏమీ లేదు. గడుసుతనం అంతా దీప్తి అన్న రామరాజు పాత్రకు సునీల్‌ను తీసుకోవడంలో ఉంది. ఆ ముఖం తెరమీద కనబడగానే తెలుగువాడి పెదాలు నవ్వడానికి తయారవుతాయి, ఇరవై ఏళ్ల అలవాటు. ఆ ముఖమే క్రూరంగా మారుతుంటే నవ్వు మధ్యలో ఆగిపోతుంది. మొహం చూసి మనిషిని నిర్ణయించడం గురించిన సినిమాలో మనమూ మొహం చూసే నిర్ణయించామని మనసుకు తడుతుంది. మలయాళం 'దృశ్యం'లో కర్కశుడైన కానిస్టేబుల్ సహదేవన్‌గా కామెడీ పాత్రలకు పేరున్న కళాభవన్ షాజాన్‌ను పెట్టడం కూడా ఇలాంటిదే. తెలుగులోకి వచ్చేసరికి ఆ పాత్రకు విలన్ ముఖమే వెతికి రవి కాలేను పెట్టారు. భయం మిగిలింది, పొరపాటు పోయింది.

జోర్డన్ పీల్ 2017లో తీసిన 'గెట్ అవుట్' చివర్లో మాటలు లేని ఒక క్షణం ఉంటుంది. చావు తప్పించుకున్న నల్లజాతి కుర్రాడు రోడ్డుమీద గాయపడిన తెల్లపిల్ల దగ్గర కూర్చుని ఉండగా పోలీసు లైట్లు మెరుస్తాయి. ఏ సినిమాలోనైనా పోలీసులు వస్తే గండం గడిచినట్టే. ఇక్కడ గుండె జారిపోతుంది. వాళ్లు ఏం చూస్తారో, ఏమనుకుంటారో మనకు వెంటనే తెలిసిపోతుంది. ఇంకెవరో చెప్పాల్సిన పని లేదు. కారులోంచి దిగింది అతని స్నేహితుడే అని తెలిసి ఊపిరి పీల్చుకుంటాం. ముందు తీసిన ముగింపులో నిజంగా పోలీసులే వచ్చి అతన్ని జైలుకు పంపుతారు, దాన్ని తర్వాత మార్చారు. మార్చినా ఆ రెండు మూడు సెకన్లలో పాత ముగింపును ప్రేక్షకుడు తనంతట తానే ఊహించుకుంటాడు.

ఇక తెలుగులో ఈ ఆట అందరికంటే నిశ్శబ్దంగా ఆడింది 2018 నాటి 'కేరాఫ్ కంచరపాలెం'. వెంకటేశ్ మహా దర్శకుడు, నటుల్లో ఎక్కువమంది విశాఖలోని ఆ కంచరపాలెం వాసులే. నాలుగు ప్రేమకథలు. బడిపిల్లాడు సుందరం, సునీత. జోసెఫ్ అనే కుర్రాడు, బ్రాహ్మణ కుటుంబం అమ్మాయి భార్గవి. వైన్ షాపులో పనిచేసే గడ్డం, రోజూ ముసుగేసుకుని వచ్చి సీసా కొనుక్కెళ్లే సలీమా. నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లికాని అటెండర్ రాజు, ఒడిశా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు రాధ. నాలుగూ పక్కపక్కనే, ఒకే కాలంలో నడుస్తున్నట్టు సాగుతాయి. చివర్లో తెలుస్తుంది. నలుగురు మగవాళ్లు లేరు, ఉన్నది ఒక్కడే. సుందరం, జోసెఫ్, గడ్డం, రాజు, అన్నీ ఒకే మనిషి జీవితంలోని దశలు.

ఎలా కనిపెట్టలేకపోయాం? వయసులు వరుసగానే ఉన్నాయి, ఊరు ఒకటే. వేర్వేరు నటులు చేశారు కాబట్టి అన్నది సగం జవాబు. మిగతా సగం పేర్లలో ఉంది. మన దగ్గర పేరు వినగానే బుర్రలో ఒక పెట్టె తెరుచుకుంటుంది. పేరు చాలకపోతే ఇంటిపేరు అడుగుతాం, అదీ చాలకపోతే ఊరు, ఊళ్లో ఏ వీధి అని అడుగుతాం. జోసెఫ్ అనగానే మతం తెలిసిపోయింది. కాబట్టి వినాయకుడి విగ్రహం దగ్గర కనిపించిన పిల్లాడికీ ఇతనికీ సంబంధం ఉండే అవకాశాన్ని మనమే కొట్టేశాం. సినిమా ఏ గోడా కట్టలేదు. ప్రతి కథలోనూ ప్రేమికుల మధ్య నిలబడి వాళ్లను విడదీసింది కులమో, మతమో, ఊరి నోరో. వాళ్లను విడదీసిన తండ్రుల్ని, పెద్దమనుషుల్ని చూసి పళ్లు కొరుకుతూనే అదే గీతలతో ఒక్క మనిషిని నలుగురిగా విడదీసుకుని రెండు గంటలు కూర్చున్నాం.

'కహానీ' రహస్యం ఒకసారి తెలిశాక ట్విస్ట్ అదిరింది అనుకుని మర్చిపోవచ్చు. పైగా అది చివర్లో ఆమెను దుర్గాదేవితో పోల్చి, ఒక మూసలోంచి తీసి ఇంకో మూసలో పెట్టేసింది. కంచరపాలెం సంగతి అలా కాదు. రెండోసారి చూసేటప్పుడు ఏమీ దాచినట్టు కనిపించదు. గడ్డం పెంచిన మనిషి సలీమా కళ్లు తప్ప ఏమీ చూడకుండానే ప్రేమిస్తాడు, ఆమె చేసే పని తెలిశాకా ప్రేమిస్తాడు. అతని అసలు పేరేమిటని మొదటిసారి చూసినప్పుడు మనం అడగలేదు. గడ్డం ఉంది, వైన్ షాపులో ఉంటాడు, అది చాలనుకున్నాం.